చేతిపనుల మేళాకి వెళ్తున్నారా, ముందు వస్తువు కాదు, చేతులు చూడండి

మా ఒడిశా రాయగడలో చలికాలం వచ్చిందంటే ఏదో ఒక మైదానంలో గుడ్డలు కట్టి మేళా పెట్టేస్తారు. చైతి ఉత్సవం ఎలాగూ ఉంటుంది, అటు కొరాపుట్‌లో పరబ్ ఉంటుంది, వాటికి ఎవరూ దారి చెప్పక్కర్లేదు, జనం వెనకాల నడిస్తే చాలు. నేను చెప్పబోయేది చిన్నవాటి గురించి. పాతిక ముప్ఫై మంది పనివాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని, ఓ కల్యాణమండపమో బడి ఆవరణో అద్దెకి తీసుకుని, రెండు మూడు రోజులు చాపలు పరుచుకు కూర్చుంటారు చూడండి, అవి. బ్యానరు కూడా సరిగ్గా ఉండదు. మొన్న విజయనగరం నుంచి మా వదిన వస్తే అలాంటిదానికే తీసుకెళ్లాను. ముప్పావుగంటలో మొత్తం చుట్టేసి, "ఏటమ్మా, ఇందులో ఏటీ లేదు కదా" అంది. ఆవిడ తప్పు కాదు, ఎలా చూడాలో ముందే చెప్పకపోవడం నా తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి చుట్టులో ఏమీ కొనకండి. పర్సు తియ్యకండి, "ఎంత" అని కూడా అడక్కండి, ఊరికే తిరగండి. ఈ చుట్టులో చూడాల్సింది ఒక్కటే, కూర్చున్న మనిషి చేసినవాడా, తెచ్చి అమ్మేవాడా అని. చిన్న మేళాల్లో కూడా నలుగురైదుగురు వ్యాపారులు దూరిపోతారు, జైపూర్ గాజులు, ఎక్కడిదో మిషన్ ఎంబ్రాయిడరీ బ్యాగులు పెట్టుకుని. అవి చెడ్డవని కాదు, అవే మీకు బజార్లోనూ దొరుకుతాయి, దానికోసం ఇంతదూరం రావడమెందుకు. ఎలా తెలుస్తుందంటే, చేతులు చూస్తే తెలుస్తుంది. రంగులద్దేవాళ్ల గోళ్ల అంచుల్లో రంగు పోదు. పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే కొమ్ముపనివాళ్ల బొటనవేలు పక్కన ఆకురాయి గీసుకున్న గట్టి చర్మం ఉంటుంది. ఇంకా సులువైన గుర్తు ఏమిటంటే చేసేవాళ్లు ఖాళీగా కూర్చోలేరు, జనం లేనప్పుడు ఏదో ఒకటి రుద్దుతూనో అల్లుతూనో ఉంటారు. ఖాళీ దొరికితే ఫోన్ చూసుకునేవాడు వ్యాపారి అని తేల్చేయకండి గాని, కొంచెం అనుమానించండి.

రెండో చుట్టులో మాట్లాడండి. "ఇది మీరే చేశారా" అని అడిగితే అందరూ అవుననే అంటారు, ఆ ప్రశ్న దండగ. "దీన్లో కష్టమైన చోటు ఏది?" అని అడగండి. చేసినవాడు ఒక్క క్షణం కూడా ఆగడు, వేలు పెట్టి చూపిస్తాడు. కిందటి ఏడాది పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర కొమ్ముతో చేసిన కొంగ చూశాను, అడిగాను. ఆయన కొంగని నా చేతిలో తిప్పి, మెడ వంకర తిరిగే చోట గోటితో తట్టాడు. కొమ్ముని సెగకి పట్టి మెత్తబడగానే వంచాలట, కాస్త చల్లారితే విరుగుతుంది, మరీ కాలితే పొరలు లేస్తాయి. నా ఫోన్ టార్చి వెలిగించమని కొంగ రెక్క వెనకాల పెట్టమన్నాడు. పల్చటి అంచులో వెలుగు తేనెరంగులోకి దిగింది, లోపల సన్నటి చారలు, ఎక్కడా ఒకదానిలా ఒకటి లేదు. "ప్లాస్టిక్ అయితే ఇలా ఉండదమ్మా, మొత్తం ఒకే రంగు" అన్నాడు. ఆయన తెలుగే మాట్లాడాడు. పర్లాకిమిడి కదా, 1936లో ఒడిశాలో కలిసినా ఇళ్లలో మాట ఏమీ పెద్దగా మారలేదు. కొమ్ము వస్తువు కొనేముందు ఈ టార్చి పరీక్ష తప్పకుండా చెయ్యండి. కొందరు నిప్పు అంటించి వాసన చూడమంటారు, నిజమైన కొమ్ము జుట్టు కాలిన వాసనే వేస్తుంది, కాని ఎవరో కష్టపడి చేసిన దాన్ని కొనకముందే కాలుస్తానంటే ఎలా?

ఇక గుడ్డలు. ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. రెండేళ్ల కిందట ఒక స్టాల్లో "కోట్‌పాడ్" అని బోర్డు చూసి మెరూన్ చున్నీ కొన్నాను. ఇంటికొచ్చి బకెట్లో పెడితే నీళ్లు బీట్‌రూట్ రసం అయిపోయాయి, దాంతో నానిన మావారి తెల్ల చొక్కా ఇప్పటికీ గులాబీరంగులోనే ఉంది, ఇంట్లో వేసుకుంటారు పాపం. అసలు కోట్‌పాడ్ నేత కొరాపుట్ జిల్లాది, మిర్గాన్ కుటుంబాలు నేస్తారు, ఒడిశాలో మొట్టమొదట జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకే అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది దానికే, 2005లో. అక్కడి నేతగాడు గోవర్ధన్ పణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఎరుపు ఆల్ చెట్టు వేరు బెరడుది, మన పెద్దవాళ్లు తొగరు అనేవాళ్లే, ఆ జాతిది. నూలుకి ఆముదం, బూడిద, పేడ పట్టించి, రోజులతరబడి నానబెట్టి ఎండబెట్టి, ఆ తరవాతే రంగులో ముంచుతారు. నలుపు, ముదురు గోధుమ కావాలంటే అన్నభేది అనే ఇనప ఉప్పు కలుపుతారు. దీన్నిబట్టి కొనేవాళ్లకి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, రంగులు తక్కువే ఉంటాయి, రంగెయ్యని తెలుపు, ఎరుపు, ముదురు గోధుమ నుంచి నలుపు దాకా. చిలకాకుపచ్చ కోట్‌పాడ్ అని ఎవరైనా చూపిస్తే నవ్వి ముందుకి వెళ్లిపోండి. రెండు, కొత్తగుడ్డ ముతగ్గా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన ఏ మూలో తగులుతుంది. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. చివరగా, ఒక తెల్ల చేతిరుమాలు నీళ్లలో తడిపి, అమ్మేవాళ్లని అడిగి, ఓ మూల గట్టిగా రుద్ది చూడండి. నేను అప్పుడు మొహమాటపడి చెయ్యలేదు. మొహమాటానికి చొక్కా పోయింది.

బరంపురం పట్టు దొరికితే అదృష్టం, అంచుల్లో గుడి శిఖరాల వరస ఉంటుంది, దాన్నే ఫోడా కుంభ అంటారు. నేసేవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల తెలుగే కాబట్టి నిస్సంకోచంగా మాట్లాడండి. పట్టుకి సిల్క్‌మార్క్ లేబుల్, చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందేమో చూడండి, కాని చిన్న నేతగాళ్లలో కొందరి దగ్గర అవి ఉండవు, లేనంతమాత్రాన దొంగసరుకు అనుకోకూడదు. కుచ్చుల్లోంచి ఒక్క పోగు అడిగి తీసుకుని బయటికెళ్లి కాల్చి చూస్తే పట్టు అయితే జుట్టు వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి పూసలాగా గట్టిపడుతుంది.

ఢోక్రా ఇత్తడి గురించి ఒక మాట. లోపల మట్టి, దానిమీద మైనపు తీగలు చుట్టి బొమ్మ చేసి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకని అచ్చంగా ఒకేలా ఉన్న ఏనుగులు పన్నెండు వరసగా నిలబడి ఉంటే అవి ఢోక్రా కాదు. వేలితో ఒళ్లంతా తడమండి, మైనపు దారపు గీతలు తగలాలి. రెండు పక్కలా నిలువుగా అతుకుగీత తగిలితే వదిలెయ్యండి. నేనైతే దేవుడి బొమ్మలకన్నా ధాన్యం కొలిచే మాణ కొంటాను, వంటింట్లో బియ్యం డబ్బాలో ఉంటుంది, రోజూ చేతికి తగులుతుంది. గంజాం జిల్లా బెల్లగుంఠ నుంచి ఇత్తడి చేపలు తెచ్చేవాళ్లు ఉంటే మాత్రం పిల్లల్ని గట్టిగా పట్టుకోండి. ఆ చేప ఒళ్లంతా ముక్కలు ముక్కలుగా కీళ్లతో ఉంటుంది, తోక పట్టుకుని ఊపితే బతికున్నదానిలా మెలికలు తిరుగుతుంది. అక్కడినుంచి మా అబ్బాయిని కదిలించడానికి నాకు అరగంట పట్టింది.

గీసిన బొమ్మల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడేది సవర గిరిజనుల బొమ్మలు చూసి "ఓ, వార్లీ" అనెయ్యడం. వేసినవాళ్ల ముందు అలా అనకండి, మొహం చిన్నబుచ్చుకుంటారు. వార్లీ మహారాష్ట్రది, అందులో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు కోసుగా కలిసినట్టు ఉంటుంది. సవర బొమ్మల్లో ఆ కోణాలు అంత పదునుగా ఉండవు, ముందు చుట్టూ అంచు గీసి, అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. అసలు అవి ఇంటి గోడమీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో వేసేవి, పూజకోసం, ఇడితాల్ అంటారు. మన గుణుపూర్ వైపు లాంజియా సవరల బొమ్మలకి 2024లో జీఐ వచ్చింది. అదే ఏడాది నియమగిరి కొండల్లోని డొంగ్రియా కోంధు గిరిజనుల శాలువా కప్డాగండాకి కూడా వచ్చింది. ఆ శాలువా మీద సూదితో వేసిన త్రికోణాలు కొండలు. ఆడపిల్లలు తమ్ముడికో అన్నకో, మనసులో ఉన్నవాడికో కుట్టి ఇచ్చేది అది. అందుకే వెనకవైపు తిప్పి చూసేముందు "చూడొచ్చా" అని అడుగుతాను, ఎందుకో అలా అడగాలనిపిస్తుంది. ఫోటో కూడా అడిగే తియ్యండి. ముఖ్యంగా డిజైన్లని దగ్గరగా తీసి "మా టైలర్‌తో కుట్టించుకుంటాను" అనకండి, ఈ మాట నేను చెవులారా విన్నాను.

బేరం సంగతి. సంతలో కూరగాయలకి ఆడినట్టు సగానికి అడగడం ఇక్కడ పనికిరాదు. నా లెక్క ఒకటుంది. ఎన్ని రోజులు పట్టిందో అడగండి, మీ ఇంటికి సున్నం వెయ్యడానికి వచ్చిన మనిషికి రోజుకి ఎంత ఇచ్చారో దాంతో గుణించండి, పైన సరుకు ఖర్చు వేసుకోండి. చాలాసార్లు వాళ్లు చెప్పే ధర దానికన్నా తక్కువే తేలుతుంది, అప్పుడు నోరు దానంతటదే మూతపడుతుంది. ఒకసారి "కొంచెం చూసి ఇవ్వండి" అనడంలో తప్పులేదు, రెండు మూడు తీసుకుంటే వాళ్లే తగ్గిస్తారు. ఆఖరి రోజు సాయంత్రం వెళ్తే చవగ్గా వస్తాయని చెప్తుంటారు, వస్తాయి నిజమే, కాని అప్పటికి మంచివన్నీ అయిపోతాయి, మిగిలినవాళ్లు బస్సు చార్జీలకోసం అమ్ముతుంటారు. నాకు ఆ చవక గొంతు దిగదు. మొదటిరోజు పొద్దున్న పదకొండు లోపల వెళ్లండి, వాళ్లకీ ఓపిక ఉంటుంది, మీకూ.

నోట్లు పట్టుకెళ్లండి, వందలూ యాభైలూ. ఫోన్‌పే బోర్డు అందరి దగ్గరా ఉంటుంది, సిగ్నల్ మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. పాత దినపత్రికలు నాలుగు, గుడ్డసంచులు రెండు, ఒక పాత తువ్వాలు కూడా ఉంచుకోండి, కుండలూ ఇత్తడీ ఒకే సంచిలో కుక్కితే ఇంటికొచ్చేసరికి పెంకులు మిగులుతాయి. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకి విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడకి రైళ్లున్నాయి, పొద్దున్నే బయల్దేరితే సుఖం. ఒడియా రాదని టెన్షన్ పడకండి. "కేతే టంకా" అంటే ఎంత అని. పెద్దావిడని మావుసీ అనండి, మగవాళ్లని భాయ్ అనండి, సగం పని అయిపోతుంది. తిండికి మాత్రం ఇంటినుంచి తెచ్చుకోకండి, ఏదో మూల చోడి అంబలి అమ్మే మావుసి ఉంటుంది, వాళ్లు మండియా పేజ్ అంటారు, ఎండలో అది తాగితే ఇంకో గంట తిరగగలరు. ఈతబెల్లం, కొరాపుట్ కాలాజీరా బియ్యం కనిపిస్తే వదలకండి, ఆ బియ్యం పేరుకు తగ్గట్టే నల్లపొట్టుతో జీలకర్రలా సన్నగా ఉంటుంది, వండితే పక్కింటికి తెలుస్తుంది.

నచ్చింది కాని మీకు కావలసిన కొలతలో లేదనుకోండి, అక్కడికక్కడే ఆర్డర్ ఇచ్చేసి కొంత అడ్వాన్స్ చేతిలో పెట్టండి, కాగితం మీద కొలతా రంగూ రాసి ఇద్దరూ ఫోటో తీసుకోండి. "తరవాత ఫోన్ చేస్తా" అన్న మాట వాళ్లు వందసార్లు విని ఉంటారు. నేత పనికి గడువు పెట్టకండి, వానల్లో రంగు ఆరదు.

ఇంటికి తెచ్చాక కోట్‌పాడ్ గుడ్డని మొదటిసారి విడిగా, కుంకుడు రసంలో ఉతికి నీడలో ఆరెయ్యండి. కొమ్ము వస్తువుకి అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవండి, పెట్టెలో పెట్టి మర్చిపోతే పురుగు తినేస్తుంది. ఇంతకీ ఏమీ లేదన్న మా వదిన రెండోరోజు నాతో మళ్లీ వచ్చి, ఓ చేప కొనుక్కుని వెళ్లింది. నిన్న ఫోన్ చేసింది, తోక దగ్గర బిగుసుకుంది, ఏం చెయ్యాలని. కీళ్లలో ఒక్క చుక్క నూనె వేసి మెల్లగా ఊపమన్నాను, లాగొద్దని చెప్పాను.