రిటైరీ హెల్త్ ఇన్సూరెన్స్ మారుస్తున్నామని కంపెనీ ఉత్తరం రాస్తే ఏం చేయాలి?

అమెరికాలో ఉద్యోగం చేసి రిటైరై, 65 దాటి మెడికేర్‌లో (ప్రభుత్వ ఆరోగ్య బీమాలో) ఉన్న మనవాళ్లలో చాలామందికి పాత కంపెనీయో, యూనివర్సిటీయో, ప్రభుత్వమో ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. ముందు మెడికేర్ కడుతుంది, మిగిలినదాంట్లో తన వంతు కంపెనీ ప్లాన్ కడుతుంది. ఆ కంపెనీ ప్లాన్ మారుతోందని ఉత్తరం వస్తే ఇళ్లల్లో టెన్షన్ మొదలవుతుంది. ఇలాంటి మార్పులు కొత్తేమీ కాదు. ఐబీఎం తన మెడికేర్ రిటైరీలను 2014లోనే ప్రైవేటు ఎక్స్ఛేంజికి (ఎవరి ప్లాన్ వాళ్లు ఎంచుకుని కొనుక్కునే చోటికి) పంపింది. తన రిటైరీలను మెడికేర్ అడ్వాంటేజికి (మెడికేర్ తరఫున ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీ నడిపే ప్లాన్‌కి) మార్చాలని న్యూయార్క్ నగరం 2021లో మొదలుపెట్టిన ప్రయత్నం కోర్టుల్లో నలిగి నలిగి 2025లో ఆగింది. కంపెనీ మార్చడం మన చేతిలో లేదు. మార్పు వచ్చాక మనవాళ్లు చేసే తప్పులను మాత్రం ఆపుకోవచ్చు. ఏటా అవే తప్పులు చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

1. కాగితాలు ఒకచోట పెట్టండి

కంపెనీ ఉత్తరం, అది వచ్చిన కవరు, మెడికేర్ కార్డు, కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు, వాడే మందుల పేర్లు, డోసులు, డాక్టర్ల పేర్లు. ఇంతే. కవరు మాత్రం పారేయకండి, దాంతో తర్వాత పనుంది.

వీటితో పాటు ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ రోజు ఎవరితో మాట్లాడారో, వాళ్లు ఏం చెప్పారో అందులో రాయాలి. పిల్లలు ఎక్సెల్ షీట్ చేసిపెడతామంటారు, వద్దు. రేపు మీరు ఆసుపత్రిలో ఉంటే మీ లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. అల్మారాలో ఉన్న పుస్తకం ఎవరికైనా దొరుకుతుంది.

2. ఏ రకం మార్పో తేల్చుకోండి

మార్పులు ముఖ్యంగా మూడు రకాలు. కంపెనీ ప్లాన్ కొనసాగుతూనే గ్రూప్ మెడికేర్ అడ్వాంటేజిగా మారడం ఒకటి. గ్రూప్ ప్లాన్ తీసేసి, హెచ్ఆర్ఏ అనే ఖాతాలో ఏటా కొంత డబ్బు వేసి, ప్లాన్ మీరే కొనుక్కోమనడం రెండోది. పూర్తిగా ఆపేయడం మూడోది. ఉత్తరం నిండా 'మరిన్ని ఎంపికలు' లాంటి తీపి మాటలుండి అసలు సంగతి తేలకపోతే, బెనిఫిట్స్ ఆఫీసుకు ఫోన్ చేసి ఒకటే అడగండి: "జనవరి 1 తర్వాత మీ గ్రూప్ ప్లాన్ నాకు ఉంటుందా, ఉండదా?" సోమవారం చేయకండి, లైన్ దొరకదు. బుధవారం ఉదయమే చేయాలి.

కంపెనీ ప్లాన్ ఉంది కదా అని పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు కట్టే భాగం) తీసుకోనివాళ్లు ఉంటే ఇక్కడే ఆగాలి. రిటైరీ ఇన్సూరెన్స్‌ను, కోబ్రాను (ఉద్యోగం మానేశాక మన డబ్బుతో కొనసాగించుకునే కంపెనీ ఇన్సూరెన్స్‌ను) ఉద్యోగంలో ఉన్నప్పటి ఇన్సూరెన్స్ కింద మెడికేర్ లెక్కవేయదు. ఉద్యోగం మానేశాక పార్ట్ బి తీసుకోవడానికి 8 నెలల గడువే ఉంటుంది. అది దాటితే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకు ప్రీమియం మీద 10 శాతం చొప్పున, దాదాపు జీవితాంతం అదనంగా కట్టాలి. 2026లో మామూలు ప్రీమియమే నెలకు 202.90 డాలర్లు. గ్రూప్ అడ్వాంటేజిలో చేరడానికైనా పార్ట్ బి ఉండి తీరాలి.

3. కంపెనీని అడగకుండా బయటి ప్లాన్‌లో చేరకండి

అసలు కష్టమంతా ఇక్కడే. దీన్ని నిదానంగా చదవండి.

అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు మెడికేర్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ప్లాన్ మార్చుకునే రోజులు. ఆ రోజుల్లో టీవీ పెడితే ప్రకటనలు, ఫోన్ ఎత్తితే ఏజెంట్లు. ప్రీమియం సున్నా అంటారు, పళ్లకూ కళ్లకూ కవరేజీ అంటారు. 'ఉన్నదానికి ఇదొకటి తోడు' అనుకుని మనవాళ్లు సరే అనేస్తారు. తోడు కాదు. మెడికేర్‌లో ఒక మనిషికి ఒకేసారి ఒక అడ్వాంటేజి ప్లానే ఉంటుంది. కొత్తదాంట్లో చేరితే పాతది దానంతటదే రద్దవుతుంది. ఆ పాతది మీ కంపెనీ గ్రూప్ అడ్వాంటేజి ప్లాన్ అయితే అదీ అంతే.

మందుల కోసం బయట పార్ట్ డి ప్లాన్ ఒక్కటే తీసుకున్నా ప్రమాదమే. అలా తీసుకున్నవాళ్లకు డాక్టరు, ఆసుపత్రి కవరేజీతో సహా మొత్తం ఆపేసే కంపెనీలున్నాయి. మీతో పాటు మీ భార్య లేదా భర్త కవరేజీ కూడా పోవచ్చు. వాళ్లకింకా 65 నిండకపోతే మామూలుగా మెడికేర్ కూడా ఉండదు. పైగా ఒకసారి బయటికి వెళ్లినవాళ్లను చాలా కంపెనీలు మళ్లీ చేర్చుకోవు. ముప్పై ఏళ్ల సర్వీసుతో సంపాదించుకున్న హక్కు ఒక్క ఫోన్ కాల్‌తో పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకని ఏ ఏజెంటుకూ ఫోన్‌లో మెడికేర్ నంబరు చెప్పకండి. నంబరు ఇచ్చే ముందే బెనిఫిట్స్ ఆఫీసును మూడు సంగతులు అడగండి. ఈ బయటి ప్లాన్‌లో చేరితే నా కవరేజీ ఉంటుందా? నా భార్య లేదా భర్త కవరేజీ ఉంటుందా? బయటికి వెళ్తే మళ్లీ రావచ్చా? జవాబు నోటిమాటగా ఒప్పుకోకండి, కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ రావాలి. పొరపాటున ఇప్పటికే చేరిపోయారా? అది అమల్లోకి రాకముందే రద్దు చేసుకోవచ్చు. ఆ రోజే కొత్త ప్లాన్‌కో, మెడికేర్ నంబరు 1-800-633-4227కో ఫోన్ చేయండి. తెలుగు దుబాసీ కావాలని అడగండి, అందుకు డబ్బు తీసుకోరు.

కంపెనీ మందుల కవరేజీ మెడికేర్ ప్రమాణానికి సరిపోతుందో లేదో చెప్పే నోటీసు ఏటా అక్టోబరు 15 లోపు వస్తుంది. దాన్ని ఫైల్లో పెట్టండి. సరైన మందుల కవరేజీ లేకుండా వరుసగా 63 రోజులు గడిస్తే పార్ట్ డికి కూడా జరిమానా పడవచ్చు. జరిమానా లేకుండా చూసుకోవడానికి ఆ కాగితమే మీ సాక్ష్యం.

సలహా కావాలంటే వాట్సాప్ గ్రూపులో అడగకండి. అక్కడ చెప్పేవాళ్ల కంపెనీ వేరు, మీ కంపెనీ వేరు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కార్యక్రమం ఉంది. కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో దాన్ని హైకాప్ అంటారు. వాళ్లు ఏ ప్లానూ అమ్మరు, అందుకే నేను ముందు అక్కడికే పంపిస్తాను.

4. గ్రూప్ ప్లాన్ ఆగిపోతుంటే 63 రోజుల లెక్క

మీకు ఒరిజినల్ మెడికేర్ (అడ్వాంటేజి కాకుండా ప్రభుత్వమే నేరుగా నడిపేది) ఉండి, దాని తర్వాత కట్టే కంపెనీ ప్లాన్ ఆగిపోతుంటే మీకొక గట్టి హక్కు ఉంది. కవరేజీ ఆగిన 63 రోజుల్లోపు మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ కట్టగా మిగిలిన ఖర్చు కట్టే ప్రైవేటు పాలసీ) అడిగితే షుగరున్నా, బైపాస్ అయినా ఇన్సూరెన్స్ కంపెనీలు కాదనకూడదు, అందుకని ఎక్కువ ధరా చెప్పకూడదు. ఈ హక్కుకు రుజువుగా ఉత్తరమూ, పోస్టు ముద్ర ఉన్న కవరూ అడగవచ్చు. కవరు దాచమన్నది అందుకే. ప్లాన్ ఆగకుండా మీ అంతట మీరే మానేస్తే న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో తప్ప ఈ హక్కు మామూలుగా ఉండదు.

మెడిగ్యాప్ పాలసీల్లో ప్లాన్ జి అనే రకం తీసుకోవాలి. 2020కి ముందే మెడికేర్ అర్హత వచ్చినవాళ్లకు ఈ హక్కు కింద జి బదులు ప్లాన్ ఎఫ్ దొరుకుతుంది. సున్నా ప్రీమియం అడ్వాంటేజి చవకే, కానీ నెట్‌వర్క్ దాటితే ఇబ్బంది, ఖరీదైన వైద్యానికి ముందస్తు అనుమతి కావాలి. మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లగలగడం వయసు మీద పడ్డాక చాలా పెద్ద సంగతి.

సంక్రాంతికి వెళ్లి ఉగాది దాకా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లకు ఇంకో సంగతి. ఒరిజినల్ మెడికేర్ ఇండియాలో ఖర్చులు ఇవ్వదు. ప్లాన్ జిలో విదేశీ ఎమర్జెన్సీ ఉంది, అయితే ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో మొదలైనదానికే. ముందు 250 డాలర్లు మీరు కట్టాలి, ఆపై 80 శాతం ఇస్తారు, జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. అంతకన్నా ఎక్కువ రోజులుండేవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా కొనాలి.

5. డాక్టర్లు, మందులు, జనవరి

మీ డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో వెబ్‌సైట్‌లో చూసి ఊరుకోకండి. డాక్టరు ఆఫీసుకే ఫోన్ చేసి ప్లాన్ పూర్తి పేరు చెప్పి అడగండి. అదే ఇన్సూరెన్స్ కంపెనీ గ్రూప్ ప్లాన్ వేరు, విడి ప్లాన్ వేరు. మందులు మెడికేర్ వెబ్‌సైట్‌లో ఒక్కొక్కటిగా ఎక్కించి చూడండి.

హెచ్ఆర్ఏ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కంపెనీ చెప్పిన ఎక్స్ఛేంజి ద్వారా కొంటేనే డబ్బు ఇస్తామనే షరతు చాలాచోట్ల ఉంటుంది. జనవరి మొదటి వారంలో కొత్త కార్డుతో ఒక మందు తెచ్చుకుని కార్డు పనిచేస్తోందో లేదో చూడండి. పాత ప్రీమియం పింఛనులోంచి ఇంకా కోస్తున్నారేమో చూడండి. కోస్తుంటే ఆ వారమే బెనిఫిట్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా పంపండి. హెచ్ఆర్ఏ మొదటి క్లెయిమ్ కూడా జనవరిలోనే పెట్టేయండి, ఏదైనా కాగితం తక్కువైతే అప్పుడే తెలుస్తుంది.