చిన్న పిల్లలతో లండన్ వచ్చేవారికి: అద్దె ఇల్లు ఏ ప్రాంతంలో తీసుకోవాలి

లండన్‌లో ఇల్లు వెతికే తెలుగు కుటుంబం సాధారణంగా రెండు విషయాలు అడుగుతుంది: ఆఫీసుకు ఎంతసేపు పడుతుంది, మనవాళ్ళు ఎక్కడ ఎక్కువగా ఉంటారు. పెళ్ళయిన కొత్తలో వచ్చిన జంటకు ఆ రెండూ చాలు. మూడేళ్ళ బిడ్డతో వచ్చినవారికి చాలవు, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వ పాఠశాలలో సీటు చాలావరకు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. హైదరాబాదులోలాగా ఇల్లు ఒక మూల తీసుకుని, పిల్లవాణ్ణి స్కూలు బస్సులో మరో మూలకు పంపే పద్ధతి ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లేదు. తల్లో తండ్రో ఉదయం తొమ్మిదిలోపు దింపి, మధ్యాహ్నం మూడుంపావు ప్రాంతంలో మళ్ళీ గేటు దగ్గర ఉండాలి. ఆఫీసుకు వారంలో రెండు మూడు రోజులు వెళ్ళినా సరిపోయే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. బడికి మాత్రం ఐదు రోజులూ రెండు పూటలా నడవాలి. కాబట్టి ముందు బడి, తరువాత రైలు, ఆ తరువాతే మిగిలినవి అన్న వరుసలో ఆలోచించమని నా సలహా.

బడి సీటు, ఇంటి చిరునామా

ఇంగ్లండులో చదువు రిసెప్షన్ తరగతితో మొదలవుతుంది. ఆగస్టు 31 నాటికి నాలుగేళ్ళు నిండిన పిల్లలు ఆ వెంటనే వచ్చే సెప్టెంబరులో చేరతారు. 2022 సెప్టెంబరు 1కీ 2023 ఆగస్టు 31కీ మధ్య పుట్టినవారు 2027 సెప్టెంబరులో చేరాలి. అందుకు దరఖాస్తు గడువు అంతకుముందటి జనవరి 15. ఎవరికి ఏ బడి వచ్చిందో ఏప్రిల్ 16న తెలుస్తుంది. దరఖాస్తును బడికి కాక, మీరు నివసించే బరో (లండన్‌లోని స్థానిక పాలనా విభాగం) కౌన్సిల్‌కు పెట్టాలి. లండన్‌లో 32 బరోలు, సిటీ ఆఫ్ లండన్ కలిసి ఒకే పద్ధతిలో ఈ పని చేస్తాయి కనుక పక్క బరోలోని బడిని కూడా కోరుకోవచ్చు. మొత్తం ఆరు బడులను ప్రాధాన్య క్రమంలో రాయవచ్చు. మన జూన్ విద్యా సంవత్సరానికి అలవాటుపడినవారు వేసవిలో వచ్చి, ఇంకా సమయం ఉందనుకుంటారు. అప్పటికి ఆ ఏటి సీట్ల పంపిణీ ముగిసి ఉంటుంది.

కోరినవారందరికీ సీట్లు లేని బడిలో తల్లిదండ్రుల వద్ద కాక ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు, ప్రత్యేక వైద్య అవసరాలున్నవారు, ఇప్పటికే అక్కడ చదువుతున్నవారి తోబుట్టువులు ముందు వస్తారు. మిగిలిన సీట్లు సాధారణంగా దూరాన్ని బట్టి నిండుతాయి. ఆ దూరాన్ని చాలా కౌన్సిళ్ళు ఇంటి నుంచి బడికి సరళరేఖలో కొలుస్తాయి, కొన్ని నడక దారిలో కొలుస్తాయి. కిందటి సంవత్సరం చివరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లవాడికి వచ్చిందో కౌన్సిళ్ళు బడివారీగా ప్రకటిస్తాయి. ఇల్లు చూడటానికి వెళ్ళే ముందు ఆ అంకె చూడటం కన్నా ఉపయోగమైన పని మరొకటి లేదు. పేరున్న బడికి అర కిలోమీటరు దూరంలోని ఇల్లు కూడా చాలకపోవచ్చు, పెద్దగా పేరు వినని బడికి రెండు కిలోమీటర్ల అవతల నుంచి కూడా సీటు రావచ్చు. అంకె ఏటేటా మారుతుంది కాబట్టి సరిగ్గా అంచున ఉన్న ఇంటిని నమ్ముకోకండి.

ఏడాది మధ్యలో వచ్చినవారు కౌన్సిల్‌కు గానీ, కొన్నిచోట్ల నేరుగా బడికి గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదు నుంచి ఏడేళ్ళ వయసు తరగతుల్లో ఒక టీచరుకు ముప్పై మందికి మించకూడదని చట్టం చెబుతుంది కనుక, ముప్పై నిండిన తరగతిలో ఎంత బతిమాలినా చోటు దొరకదు. అయితే వెయిటింగ్ లిస్టు మనం అనుకునే వరుస కాదు. ముందు పేరు రాయించుకున్నవారు ముందుండరు; ఎవరు దగ్గరగా ఉంటే వారే పైకి వస్తారు. నిన్న వచ్చిన కుటుంబం ఆరు నెలలుగా ఎదురుచూస్తున్న కుటుంబాన్ని దాటిపోవచ్చు, మీరూ అలాగే దాటవచ్చు. జననాలు తగ్గడం వల్ల నగరం నడిబొడ్డున ఉన్న అనేక బరోల్లో ప్రాథమిక పాఠశాలల సీట్లు మిగిలిపోతున్నాయి, కొన్ని బడులు మూతపడ్డాయి కూడా. ఆ బరోల్లో అద్దె ఎక్కువే గానీ, ఏడాది మధ్యలో వచ్చినవారికి సీటు త్వరగా దొరికే అవకాశం అక్కడ ఎక్కువ.

బడికి అనుబంధంగా ఉన్న నర్సరీలో చేర్పిస్తే రిసెప్షన్ సీటు తనంతట తానే వస్తుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సిందే, మళ్ళీ దూరం కొలవాల్సిందే.

బడికి ముందు ఏళ్ళు

మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ ఏడాదిలో 38 వారాల పాటు వారానికి 15 గంటల సంరక్షణ ఉచితం, దీనికి తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదు. అయితే పుట్టినరోజు నాటి నుంచి కాక, ఆ తరువాత వచ్చే జనవరి, ఏప్రిల్ లేదా సెప్టెంబరు నుంచి మొదలవుతుంది. పనిచేసే తల్లిదండ్రులకు తొమ్మిది నెలల వయసు నుంచే ఇచ్చే 30 గంటల పథకం వేరు. తల్లిదండ్రులిద్దరి వీసాల మీదా ప్రభుత్వ సహాయ నిధులకు అర్హత లేదని ఉంటే అది రాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన జంటల్లో దాదాపు అందరి పరిస్థితీ ఇదే. ఇద్దరూ ఉద్యోగం చేయదలిస్తే పూర్తికాలపు నర్సరీ ఫీజును అద్దె పక్కనే రాసుకుని లెక్క వేయండి. అద్దె తక్కువని దూరపు ఇల్లు తీసుకుని, సాయంత్రం ఆరు గంటలకు నర్సరీ మూసే లోపు చేరలేక ఒకరు ఉద్యోగం వదులుకుంటే, ఆ తక్కువ అద్దెకు అర్థం ఉండదు.

తెలిసినవారి ఇంట్లో పిల్లవాణ్ణి ఉంచి నెలకింత ఇచ్చే ఏర్పాటు మన సమాజంలో మామూలే. ఎనిమిదేళ్ళలోపు పిల్లలను తమ ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి డబ్బు తీసుకుని చూసుకునేవారు బడులనూ శిశు సంరక్షణనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ వద్ద నమోదై ఉండాలి. నమోదైన చైల్డ్‌మైండర్లలో తెలుగు, తమిళం మాట్లాడేవారూ ఉంటారు. అటువంటివారు ఎక్కడ ఉన్నారో ఇల్లు చూసేటప్పుడే వెతకండి.

మనవాళ్ళు ఉన్న ప్రాంతాలు

తూర్పున ఈస్ట్ హామ్, మేనర్ పార్క్, ఇల్‌ఫర్డ్. పడమట హౌన్‌స్లో, ఫెల్తమ్. వాయవ్యాన హ్యారో, వెంబ్లీ. నగరం వెలుపల స్లౌ, రెడింగ్. కొత్తగా వచ్చినవారికి ఎవరైనా చెప్పే పేర్లు ఇవే. ఈస్ట్ హామ్‌లో మహాలక్ష్మి ఆలయం, మురుగన్ ఆలయం, దక్షిణాది హోటళ్ళు, కరివేపాకూ గోంగూరా అమ్మే కొట్లు అన్నీ నడక దూరంలో ఉంటాయి. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉండటం చిన్న విషయం కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడి వరస ఇళ్ళు చాలావాటిని గదులు గదులుగా విభజించి అద్దెకు ఇస్తారు. ఈ ప్రాంతం ఉన్న న్యూహామ్ కౌన్సిల్ 2013లోనే దాదాపు బరో అంతటా అద్దె ఇళ్ళకు లైసెన్సు తప్పనిసరి చేయడానికి ఒక కారణం అదే. మీరు చూసిన ఇంటికి లైసెన్సు ఉందో లేదో కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోవచ్చు.

హ్యారోలో 2008లో ప్రారంభమైన కృష్ణ అవంతి ప్రాథమిక పాఠశాల బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే తొలి హిందూ పాఠశాల. దాని కోసమే హ్యారో వెళ్ళేవారు, దాని ప్రవేశ నియమాలను ముందుగా చదవాలి. మతపరమైన బడుల్లో దూరంతో పాటు వేరే ప్రమాణాలూ ఉంటాయి. హౌన్‌స్లో వైపు హీత్రూ విమానాల మోత ఉంటుంది. పడమటి గాలి వీచే రోజుల్లో విమానాలు దిగే రన్‌వేను మధ్యాహ్నం మూడు గంటలకు మారుస్తారు, కనుక మీరు నిశ్శబ్దంగా ఉండగా చూసిన ఇల్లు అదే రోజు సాయంత్రం నిమిషానికో విమానం కింద ఉండవచ్చు. పగలు నిద్రపోయే బిడ్డ ఉంటే రెండు పూటలా వెళ్ళి చూడండి. స్లౌ, రెడింగ్‌లలో అదే అద్దెకు పెద్ద ఇల్లు దొరకవచ్చు. కానీ 2023 సెప్టెంబరు నుంచి లండన్ మేయర్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోని పిల్లలందరికీ ఇస్తున్న ఉచిత మధ్యాహ్న భోజనం నగరం వెలుపల వర్తించదు, అక్కడ అందరికీ ఉచితం రెండో తరగతి వరకే.

రైలు విషయం త్వరగా చెప్పవచ్చు. టికెట్టు తీసుకున్న పెద్దవారితో పదకొండేళ్ళలోపు పిల్లలకు ట్యూబ్ అనే భూగర్భ రైలులో, బస్సులో ప్రయాణం ఉచితమే. చిక్కు అంతా పిల్లల తోపుడు బండితోనే. ట్యూబ్ స్టేషన్లలో మెట్లెక్కకుండా వెళ్ళగలిగినవి దాదాపు మూడో వంతు మాత్రమే. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్‌లో అన్ని స్టేషన్లకూ లిఫ్టు గానీ మెట్లు లేని దారి గానీ ఉంది, అందుకే ఇల్‌ఫర్డ్, సౌతాల్, వూలిచ్ వంటి చోట్లు బండి తోసే తల్లికి మ్యాపులో కనిపించే దూరం కన్నా దగ్గర.

ఇల్లు చూసేటప్పుడు

ఇక్కడి పాత ఇళ్ళలో శీతాకాలపు తేమ గోడల మీద బూజుగా మారుతుంది. రాచ్‌డేల్‌లో 2020లో రెండేళ్ళ బాలుడు ఇంటి బూజు కారణంగా మరణించాడని విచారణలో తేలిన తరువాత దేశమంతా దీని గురించి మాట్లాడుతోంది. కొత్త రంగు వాసన వస్తున్న ఇంట్లో అల్మారా జరిపి వెనుక గోడ చూడండి, కిటికీ చట్రాల మూలలు చూడండి, స్నానాల గదిలోనూ వంటింట్లోనూ గాలి బయటికి లాగే ఫ్యాను పనిచేస్తోందో లేదో వేసి చూడండి. మన వంటకు ఆ ఫ్యాను ఎలాగూ అవసరం. కూర వాసన వస్తుందని భారతీయులకూ పాకిస్తానీలకూ ఇల్లు ఇవ్వనన్న కెంట్ యజమాని విధానం చట్టవిరుద్ధమని 2017లో కోర్టు తేల్చింది కాబట్టి, ఏజెంటు వంట గురించి వెటకారంగా మాట్లాడితే మరో ఏజెంటును చూసుకోండి.

డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఆ నెలల్లో పగటి వెలుతురు వచ్చే గది, ఐదు నిమిషాల నడకలో పార్కు ఉన్న చిన్న ఇల్లు, ఇవి లేని పెద్ద ఇంటి కన్నా మేలు. పై అంతస్తు ఫ్లాట్లలో కిటికీ ఎంతవరకు తెరుచుకుంటుందో చూడాలి. బండిని ఉమ్మడి నడవాలో ఉంచనివ్వరు, అగ్నిప్రమాద నియమాలు ఒప్పుకోవు. లిఫ్టు లేని మూడో అంతస్తు అంటే బండి, బిడ్డ, సంచులు మీ చేతుల్లోనే ఎక్కాలి.

ఒక పడకగది ఇల్లు సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఇరుకు ఇళ్ళ మీద 1985 చట్టం ప్రకారం ఏడాదిలోపు బిడ్డను లెక్కించరు, పదేళ్ళలోపు వారిని సగం మనిషిగా లెక్కిస్తారు, హాలును కూడా గదిగా తీసుకుంటారు. గదులు మరీ చిన్నవి కాకపోతే రెండు గదులకు ముగ్గురు, ఒక గదికి ఇద్దరు పరిమితి. అంటే దంపతులూ మూడేళ్ళ బిడ్డా రెండున్నర మంది. హాలున్న ఒక పడకగది ఇల్లు చట్టానికి లోబడే ఉంటుంది, ఒకే గది ఉన్న స్టూడియో ఉండదు.

డబ్బు, ఒప్పందం

ప్రకటనలో అద్దె వారానికా నెలకా అన్నది ముందు చూడండి. వారానికి 400 పౌండ్లంటే నెలకు 1,600 కాదు, 1,733. ఏజెంట్లు సాధారణంగా మీ వార్షిక ఆదాయం నెల అద్దెకు ముప్పై రెట్లు ఉండాలంటారు. 1,800 పౌండ్ల ఇంటికి 54,000. ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి జీతాలూ కలుపుతారు. వార్షిక అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, ఇల్లు ఆపి ఉంచడానికి తీసుకునే సొమ్ము ఒక వారం అద్దెకు మించకూడదు. డిపాజిట్‌ను ముప్పై రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన పథకంలో జమచేయాలి.

ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదని కొత్తవారిని ఆరు నెలల అద్దె ముందుగా కట్టమనే అలవాటు ఏళ్ళ తరబడి ఉండేది. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి ముందుగా అడగరాదు. ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువ ఇస్తామని పోటీ పెట్టించరాదు. పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు నిరాకరించరాదు. నిర్ణీత కాలపు ఒప్పందాలు పోయాయి కాబట్టి అద్దెదారు రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయవచ్చు. దీనివల్ల మొదటి ఇల్లు ఎంచుకోవడంలో భయం తగ్గింది. వచ్చిన వెంటనే కొన్ని వారాలు తాత్కాలిక బసలో ఉండి, బరోలు తిరిగి చూసి ఇల్లు తీసుకోండి. అది కుదరదనిపిస్తే మారే వీలుంది. ఇండియాలో ఉండగానే, వీడియోలో చూసి, డబ్బు పంపి ఇల్లు ఖాయం చేసుకోవద్దు. తాళాలు చేతిలో పెట్టని యజమానికి పౌండు కూడా పంపకండి.

మారే వీలు ఉన్నా, జనవరి 15 తరువాత మారడం వేరు. అప్పటికి పెట్టిన బడి దరఖాస్తు పాత చిరునామాతో ఉంటుంది. కొత్త చిరునామాను ఎప్పటివరకు లెక్కలోకి తీసుకుంటారో బరోను బట్టి మారుతుంది, రుజువుగా అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్సు (ఇంట్లో ఉండేవారు కౌన్సిల్‌కు కట్టే పన్ను) బిల్లు అడుగుతారు. బడి కోసం దగ్గరలో కొన్నాళ్ళు ఉన్నట్టు చూపిన చిరునామాలను కౌన్సిళ్ళు పరిశీలిస్తాయి, తేలితే ఇచ్చిన సీటునే రద్దు చేస్తాయి. కాబట్టి రిసెప్షన్‌కు ముందటి శరదృతువులోనే, అంటే అక్టోబరు నవంబరు నాటికి, రెండేళ్ళయినా ఉండదలచిన ఇంట్లోకి చేరి, కౌన్సిల్ టాక్సు మీ పేరున మొదలుపెట్టి, వీసా ఖాతాలోనూ డాక్టరు దగ్గరా అదే చిరునామా నమోదు చేయించుకుని, ఆ తరువాత దరఖాస్తు నింపండి.