ఎవరూ నొక్కకుండానే వెలిగే మెట్ల లైటు

విజయనగరంలో మేం అద్దెకున్న ఇంట్లో మెట్ల లైటుకి 555 టైమర్ అనే చిన్న చిప్ పెట్టాను. బటన్ నొక్కితే నిమిషం వెలిగి ఆరిపోవాలి. కానీ పక్కింటివాళ్లు బోరు మోటారు వేస్తే చాలు, ఒక్కోసారి దానంతటదే వెలిగేది. "ఏటి బాబూ, దెయ్యాన్ని గానీ పెట్టావా?" అని ఓనరు మామ్మ గోల.

12 వోల్టుల సప్లైతో ఈ టైమర్, బటన్ తగిలించిన రెండో పిన్ (చిప్ కాలు) 4 వోల్టుల కిందికి జారితేనే కదులుతుంది. 5 దాకా వచ్చి ఆగితే ఏమీ కాదు. లిప్తపాటు 4 దాటి దిగిందా, నిమిషమంతా వెలగాల్సిందే. సగం వెలగడం అంటూ ఉండదు. మన నాడీకణాలదీ ఇదే తీరు; 1961లో ఫిట్జ్‌హ్యూ అనే శాస్త్రవేత్త రాసిన సమీకరణాలు ఈ స్వభావానివే.

ఇలా దాటాల్సిన హద్దుని గడప అనుకుంటే, దాని ఎత్తుతో పోలిస్తే నాయిజ్ (అడ్డగోలు అదురు) కాస్త తగ్గినా, దాటే అవకాశం ఘాతీయంగా పడిపోతుందని 1940లో భౌతిక శాస్త్రవేత్త క్రామర్స్ చూపించాడు. ఆయన లెక్క కట్టింది వేడివల్ల కలిగే అదురుకి, మోటారు స్పైకులకి (క్షణికమైన వోల్టేజి కుదుపులకి) కాదు. అయినా నాకు దారి దొరికింది: నాయిజ్‌ని పూర్తిగా చంపక్కర్లేదు.

బటన్ తీగ మెట్ల పొడవునా కరెంటు వైర్లని ఆనుకునే వెళ్తోంది, పుల్-అప్ (నొక్కనప్పుడు పిన్‌ని 12 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) చూస్తే 1 మెగాఓమ్, అంటే పట్టు మరీ బలహీనం. ఇంకేం, అచ్చం యాంటెన్నా! దాని బదులు 10 కిలోఓమ్ వేసి, రెండో పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్, ఐదో పిన్ నుంచి 0.01 కెపాసిటర్లు కట్టాను. సన్నటి స్పైకు అక్కడే అణిగిపోతుంది, వేలి నొక్కుడు మాత్రం దాటుతుంది. కెపాసిటర్ సిరామిక్‌దే అడగండి. పెట్టాల్సింది పిన్‌ని ఆనించి, బటన్ దగ్గర కాదు.