మాస్టోడాన్‌లో చేరడం ఎలా? సర్వర్, పేరు, పోస్టు వెళ్లే దారి

ఫేస్‌బుక్‌లో ఖాతా తెరవాలంటే పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ లాంటి నాలుగు వివరాలు ఇస్తే పని అయిపోతుంది. ట్విట్టర్ తరహా సోషల్ మీడియా వేదిక మాస్టోడాన్ మాత్రం ముందే ఒక ప్రశ్న వేస్తుంది: ఏ సర్వర్‌లో చేరతారు? చాలామందికి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఎందుకు అడుగుతోందో తెలిస్తే మిగతా పని పావుగంటది.

మాస్టోడాన్ ఒక కంపెనీ నడిపే ఒకే సైటు కాదు. ఎవరైనా తెచ్చుకుని సొంతంగా నడుపుకోగల సాఫ్ట్‌వేర్. 2016లో జర్మనీలో యూజెన్ రోష్కో దీన్ని విడుదల చేశారు. ఇప్పుడు ప్రపంచమంతటా వేల సర్వర్లు దీని మీద నడుస్తున్నాయి. ఒక్కో దానికి ఒక్కో యజమాని, ఎవరి నియమాలు వారివి. అయినా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. అలా మాట్లాడుకునే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో దీన్ని ఆమోదించింది. అందుకే మధురవాడలో ఉండే మీరు ఒక సర్వర్‌లో, గాజువాకలో ఉండే మీ ఫ్రెండ్ ఇంకో సర్వర్‌లో చేరినా ఒకరినొకరు ఫాలో అవ్వొచ్చు.

ముందు సర్వర్ సంగతి

ఏదీ తేలకపోతే మాస్టోడాన్ డాట్ సోషల్‌లో చేరిపోవచ్చు. మాస్టోడాన్ తయారుచేసినవాళ్లే నడిపే పెద్ద సర్వర్ అది. కాస్త ఓపిక ఉంటే జాయిన్‌మాస్టోడాన్ సైటులో జాబితా చూడండి. భాషను బట్టి, విషయాన్ని బట్టి వెతకొచ్చు. ఆ జాబితాలోకి ఎక్కాలంటే సర్వర్ యజమాని కొన్ని మాటలు ఇవ్వాలి: రోజూ బ్యాకప్ తీయాలి, మూసేసేటట్లయితే కనీసం మూడు నెలల ముందు చెప్పాలి, అత్యవసరమైతే సర్వర్‌ను చూసుకోవడానికి కనీసం ఇంకొకరి చేతిలో తాళం ఉండాలి. జాబితాలో లేనివన్నీ చెడ్డవని కాదు. కానీ కొత్తవాళ్లకు ఇదే నయం.

సర్వర్ పేరు నచ్చగానే ఖాతా తెరిచేయకండి. దాని ‘గురించి’ పేజీ తెరవండి. నడిపేది ఎవరో, నియమాలేమిటో, ఖర్చుకు డబ్బు ఎలా వస్తుందో చూడండి. ఏయే సర్వర్లను బ్లాక్ చేశారో కొందరు అక్కడే జాబితా పెడతారు. మీ బంధువులున్న సర్వర్ అందులో ఉంటే, మీరెంత వెతికినా వాళ్లు కనబడరు.

తర్వాత పేరు

మన దగ్గర అప్పలరాజు గారి ఇల్లెక్కడండీ అంటే, పెదవాల్తేరు అప్పలరాజా, గాజువాక అప్పలరాజా అని ఎదురు ప్రశ్న వస్తుంది. మాస్టోడాన్ పేరుదీ అదే లెక్క. ఉదాహరణకు @కొండకర్లపిట్ట@మాస్టోడాన్.సోషల్ అన్న పేరులో మొదటి ముక్క మీరు పెట్టుకున్నది, రెండోది సర్వర్‌ది. మొదటి ముక్క ఇంకో సర్వర్‌లో ఇంకెవరికైనా ఉండొచ్చు. రెండూ కలిస్తేనే అది మీరు.

ఇక్కడ చూపడానికి తెలుగులో రాశాను గానీ, యూజర్‌నేమ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. దాన్ని తర్వాత మార్చలేరు, ఆలోచించి పెట్టుకోండి. పైన కనిపించే పేరు మాత్రం హాయిగా తెలుగులో పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఎవరికైనా మీ చిరునామా ఇచ్చేటప్పుడు రెండు ముక్కలూ ఇవ్వండి. దాన్ని వెతుకు పెట్టెలో వేయగానే వాళ్ల సర్వర్ మీ సర్వర్‌ను ‘ఈ పేరు గలవారు మీ దగ్గర ఉన్నారా?’ అని అడిగి ప్రొఫైల్ తెచ్చుకుంటుంది. ఈ అడిగే పద్ధతి పేరు వెబ్‌ఫింగర్.

బ్లూస్కై అనే ఇంకో సోషల్ మీడియా వేదికది వేరే దారి. అది వాడే పద్ధతి (ప్రోటోకాల్) పేరు ఏటీ. మీకు సొంత డొమైన్ (వెబ్ చిరునామా) ఉంటే అదే మీ పేరుగా వాడుకోవచ్చు.

ఈ వేదికల పేర్లలో రాక్ సంగీతం ఎక్కువే. మాస్టోడాన్ ఒక హెవీ మెటల్ బృందం పేరు. అది ఏనుగుకు దూరపు చుట్టమైన, అంతరించిపోయిన జంతువు పేరు కూడా కాబట్టి ఈ సైటుకు ఏనుగు బొమ్మ వచ్చింది. చర్చలకు వాడే లెమ్మీ పేరు వెనక మోటర్‌హెడ్ బృందం గాయకుడు లెమ్మీ ఉన్నాడు. యాక్టివిటీపబ్‌తో మాట్లాడుకునే ఇలాంటి వేదికలన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు: ఫెడరేషన్‌లో సగం, యూనివర్స్‌లో సగం.

పోస్టు పెట్టాక ఏమవుతుంది?

అసలు అర్థం చేసుకోవాల్సింది ఇదే. మీరు కొండకర్ల ఆవలో తీసిన పక్షి ఫోటో పెట్టారనుకుందాం. అది ముందు మీ సర్వర్‌లో చేరుతుంది. ఆపైన మీ ఫాలోవర్లు ఏయే సర్వర్లలో ఉన్నారో, ఆయా సర్వర్లకు తలా ఒక కాపీ వెళుతుంది. మీ ఫాలోవర్ ఒక్కరూ లేని సర్వర్‌కు మామూలుగా ఏమీ వెళ్లదు. ఎవరైనా బూస్ట్ చేస్తే, అంటే తమ ఫాలోవర్లకు మళ్లీ పంచితే, ఇంకొన్ని చోట్లకు పాకుతుంది.

దీన్నిబట్టి మూడు విషయాలు తెలుస్తాయి. చిన్న సర్వర్‌లో చేరి #విశాఖపట్నం అని వెతికితే ఖాళీగా కనిపించొచ్చు. పోస్టులు లేక కాదు, మీ సర్వర్‌కు అందక. కొత్త మనిషి ప్రొఫైల్ తెరిస్తే పాత పోస్టులు కనబడకపోవడానికీ కారణం అదే. ఇక మీరు పోస్టు తీసేస్తే, తీసేయమన్న కబురు మిగతా సర్వర్లకూ వెళుతుంది. అవి వింటాయన్న గ్యారంటీ లేదు.

ఒక మామూలు పోస్టుకు 500 అక్షరాల హద్దు. లింకు ఎంత పొడవున్నా 23 అక్షరాలుగానే లెక్క. వెతికేవాళ్లకు మీ పోస్టు దొరకాలంటే ఎక్కువగా హ్యాష్‌ట్యాగులే ఆధారం, తెలుగులోనూ పెట్టండి. ఫోటోకు వివరణ రాయడం అక్కడ మర్యాద. చూపు లేనివారు దాన్ని స్క్రీన్ రీడర్‌తో వింటారు.

2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా నిలిపివేతపై నిరసనగా మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్‌కు వెళ్లారు. మళ్లీ వెనక్కి వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. నా అంచనా ప్రకారం కారణం ఒక్కటే, మాట్లాడటానికి మనవాళ్లు లేకపోవడం. చేరేముందు నలుగురు ఫ్రెండ్స్‌ను ఒప్పించండి. ఏం చదవాలో పైనుంచి వడ్డించే అల్గారిథం హోమ్‌లో ఉండదు. మీరు ఫాలో అయినవారి పోస్టులే, కొత్తవి పైన, వరుసగా వస్తాయి. ఎవరినీ ఫాలో కాకపోతే అక్కడ ఏమీ ఉండదు.

ప్రైవేటు మాటల దగ్గర జాగ్రత్త

అక్కడి ప్రైవేటు మెసేజ్ వాట్సాప్ మెసేజ్ లాంటిది కాదు. పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేకుండా చేసే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవారు చదవాలనుకుంటే చదవగలరు. ఇంకో తిరకాసు ఉంది. ఇద్దరూ మూడో మనిషి గురించి గుసగుసలాడుతూ వాళ్ల పూర్తి చిరునామా @తో సహా రాస్తే, ఆ మెసేజ్ వాళ్లకూ వెళ్లిపోతుంది!

సర్వర్ నచ్చకపోతే

మారిపోవచ్చు. కొత్త చోట ఖాతా తెరిచి, అక్కడి సెట్టింగుల్లో పాత ఖాతాను చెప్పాలి. తర్వాత పాత ఖాతాలోకి వెళ్లి ‘మార్చు’ నొక్కాలి. ఫాలోవర్లు మీ వెంట వస్తారు. పోస్టులు రావు, పాత చోటే ఉండిపోతాయి. మీరు ఫాలో అయ్యేవారి జాబితాను ఫైలుగా దించుకుని కొత్త చోట ఎక్కించుకోవాలి. ఒకసారి మారితే మళ్లీ 30 రోజుల దాకా మారలేరు.

పాత సర్వర్ నడుస్తున్నంత వరకే ఇదంతా. అది ఉన్నట్టుండి ఆగిపోతే ఫాలోవర్లను వెంట తెచ్చుకునే దారి లేదు. కనీసం ఆ జాబితా ఫైలునైనా ఖాతా తెరిచిన మొదటి వారంలోనే ఒకసారి, తర్వాత అప్పుడప్పుడూ దించి పెట్టుకోండి.