ఎండలు ముదరకముందే: ఒంగోలు ఆవుకు ఎద సూది వేయించేవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తె దగ్గరపడేకొద్దీ ఉదయగిరి మెట్టల్లోనైనా, ఒంగోలు చుట్టుపక్కలైనా ఒకటే మాట వినిపిస్తుంది: ఎద సూది (ఆవు చూడి కట్టడానికి వీర్యం ఎక్కించడం) వేయించినా ఆవు తిరగ పొర్లిందని, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చిందని. సూది మందును తప్పుపట్టే ముందు సూది వేసిన వేళ చూడండి.

అండాశయం మీద నీటి పొక్కులా పెరిగేది అండపుటిక. డాక్టర్లు ఫాలికల్ అంటారు. 21 రోజుల ఎద చక్రంలో పుటికలు రెండు మూడు విడతలుగా లేస్తాయి. విడతకొకటి పెద్దదై, మిగతావి వాడిపోతాయి. ఆఖరి విడతలో పెద్దదైనదే చిట్లి అండాన్ని వదులుతుంది. మన జాతిలో అది చాలావరకు 10–12 మిల్లీమీటర్లకే చిట్లుతుంది. విదేశీ జాతి హోల్‌స్టీన్ ఆవుల లెక్కన 15 దాటాలని స్కానింగులో కాచుకుంటే అదను పోతుంది.

పుటిక చిట్లేది ఎద నడుస్తున్నప్పుడు కాదు, చల్లారాక. ఒంగోలు రక్తమే అయిన బ్రెజిల్ నెలోర్ ఆవుల్లో ఎద సుమారు 11 గంటలే ఉంటుందనీ, మొదలైన 26–27 గంటలకు అండం విడుదలవుతుందనీ తేలింది. సగానికి పైగా రాత్రిపూటే ఎదకొచ్చాయి. అందుకే పగటి కాపలా చాలదు. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి కొట్టంలోకి వెళ్లండి. వేరే ఆవు ఎక్కితే కదలకుండా నిలబడటం అసలు గుర్తు. తోక పక్కన గుడ్డు తెల్లసొన లాంటి తీగలుంటే సరే. తీగల్లో చీము తెల్లగా కనబడితే ఆ ఎద వదిలేసి వైద్యం చేయించండి.

పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున సూది అన్న లెక్క ఎద మొదలైన వేళ నుంచి. మనం చూసిన వేళ నుంచి కాదు! తెల్లారేసరికే ఆవు నిలబడటం మానేసి ఉంటే సాయంత్రం దాకా ఆగొద్దు, అప్పుడే వేయించండి. విడుదలైన అండం బతికేది కొద్ది గంటలే. ఎద అయిన రెండు మూడు రోజుల తర్వాత తోకకు రక్తపు చార కనిపిస్తే ఆ అదను దాటిపోయినట్టే. తేదీ రాసుకుని, ఎద రోజు నుంచి 18వ రోజుకు మళ్లీ కాపలా మొదలుపెట్టండి.

స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని గొట్టం) నైట్రోజన్ క్యాన్‌లోంచి తీయగానే 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తడి పూర్తిగా తుడవాలి. చల్లటి బోరు నీళ్లలో ముంచి, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగితే అందులో ప్రాణం మిగలదు.

అన్నిటికంటే ప్రమాదం ప్రోస్టాగ్లాండిన్ సూది. ఇది వీర్యం సూది కాదు, ఎద రప్పించే హార్మోన్ మందు. ఎద రాలేదని చూడి పరీక్ష చేయించకుండా వేయిస్తే, కడుపుతో ఉన్న ఆవు ఈసుకుపోతుంది (గర్భం పోతుంది). ఎద అయిన అయిదు రోజుల్లోపు వేస్తే పనిచేయదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మందు ముట్టుకోకూడదు. చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది.

బర్రెలకు వేసవిలో మూగ ఎదే ఎక్కువ. తీగలు వేలాడవు, ఒకదానిమీదొకటి ఎక్కడమూ తక్కువే. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు ఎగబట్టడం, మానం ఉబ్బడం చూసుకోవాలి.

సూది వేయించిన తొలి వారం పిండం వేడికి తట్టుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఆవును ఆసుపత్రికి నడిపించొద్దు, వేకువనే తీసుకెళ్లండి. ఆ వారమంతా చెట్టు నీడ, తాగినన్ని నీళ్లు, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పవు. 18 నుంచి 24వ రోజు దాకా రాత్రి కాపలా మానొద్దు. పొర్లకపోయినా రెండు నెలలు దాటాక చూడి పరీక్ష చేయించండి.