వెట్టిలో చిక్కిన కుటుంబాన్ని విడిపించాలంటే

అమెరికాలో 1850 నాటి చట్టం ప్రకారం, పారిపోయి వచ్చిన బానిసకు ఆశ్రయమిస్తే 1,000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు. అక్కడ చట్టం యజమానుల పక్షాన ఉండేది కనుకే, లీవై కాఫిన్ లాంటి క్వేకర్లు (బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు) వాళ్లను ఇళ్లలో దాచి, రాత్రిళ్లు బండ్లలో ఊళ్లు దాటించారు. మన దగ్గర 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం పనివాళ్ల పక్షానే ఉంది. అయినా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల గుంతల కాడ, సుబాబుల్ నరికే చోట, బాతుల మేపులో యానాది కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని ఇరుక్కుపోతున్నాయి. వాళ్లను రాత్రికి రాత్రి ఆటో ఎక్కించి తెచ్చేయకండి. వెట్టి నుంచి విడిపించామని అధికారులు రాసిచ్చే విడుదల పత్రం లేకుండా వస్తే, డబ్బు ఎగ్గొట్టి పోయారని యజమాని వెంటపడతాడు. సర్కారు సాయమూ అందదు.

పని జరిగే చోటు ఏ డివిజన్‌లో ఉంటే ఆ ఆర్డీఓకి అర్జీ పెట్టాలి, నకలు కలెక్టర్‌కి ఇవ్వాలి. తమిళనాడుకు తీసుకెళ్లి ఉంటే అక్కడి కలెక్టర్‌కే పెట్టాలి. పిల్లలతో సహా అందరి పేర్లు, వయసులు, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, వారానికి చేతికిచ్చేదెంత, సంతకైనా పోనిస్తారా, కొట్టారా అన్నవి రాయండి. మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ సంగతి మేస్త్రీ (అడ్వాన్సు ఇచ్చి కూలీలను కుదిర్చేవాడు) చెవిన పడకూడదు. పడితే అధికారులు వెళ్లేసరికి అక్కడ గుడిసె ఖాళీగా ఉంటుంది.

ఎక్కువగా చెడేది విచారణలోనే. అధికారి పనివాడిని యజమాని ఎదురుగా నిలబెట్టి "అప్పు తీసుకున్నావా?" అని అడిగితే, "తీసుకున్నా సామీ" అంటాడు పనివాడు. అంతే, అప్పు తగాదా అని రాసేస్తారు. ఒక్కొక్కరినీ దూరంగా కూర్చోబెట్టి, కూలి ఎంత, వెళ్లిపోతామంటే ఏమన్నారు అని అడగమని పట్టుబట్టండి. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సిన భారం 1976 చట్టం 15వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడిదే. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

విడుదల పత్రం మనిషికొకటి రావాలి. ఇంటాయన పేరున ఒక్కటే ఇస్తే ఆడవాళ్లు, పిల్లలు నష్టపోతారు. పునరావాస సాయం మగవాళ్లకు 1 లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు. తక్షణ సాయం 30,000 వరకు వస్తుంది, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. మిగతాది శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. యానాదులు ఎస్టీలు కనుక, యజమాని ఎస్సీ, ఎస్టీ కాకపోతే అట్రాసిటీ చట్టం సెక్షన్లూ పెట్టించండి. పోలీసులు ససేమిరా అంటే 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయసాయం అడగండి.

డబ్బు వెంటనే రాదు. ఆధార్, బ్యాంకు ఖాతా లేకపోతే మరీ ఆలస్యం. తప్పించుకొచ్చినవాళ్ల కోసం కాఫిన్ భార్య కేథరిన్, చుట్టుపక్కల ఆడవాళ్లు బట్టలు కుట్టి సిద్ధంగా ఉంచేవాళ్లు. మీరూ కనీసం నెల రోజులకు బియ్యం, పప్పు, నూనె, పైన కప్పుకోవడానికి ఒక టార్పాలిన్ పట్ట, ఊళ్లో ఏదైనా కూలి పని ముందే చూసి పెట్టండి. ఇంట్లో గింజ లేని రోజే ఇంకో మేస్త్రీ అడ్వాన్సుతో గుమ్మంలోకి వస్తాడు. పాత యజమాని బాకీ అడిగితే పైసా కూడా ఇవ్వొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పండి. ఆ అప్పు 1976 చట్టం 6వ సెక్షన్ కింద రద్దయింది. దాన్ని వసూలు చేసినవాడికి 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.