చెస్‌లో బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే ఆట) ఆడే ముందు జాగ్రత్తలు: క్లాక్ దగ్గరే గొడవలన్నీ

- మొదట టైమ్ కంట్రోల్, అంటే ఒక్కొక్కరికీ ఎంత టైమో చూస్కోండి. 3 ప్లస్ 2 అంటే మూడు నిమిషాలు, ప్రతి ఎత్తుకీ 2 సెకన్లు కలుస్తాయి. పాత సూది క్లాకుల్లో ఇదేం లేదు, టైమ్ అయిపోయి జెండా పడితే అంతే. ఇలా సెకన్లు కలిపే పద్ధతికి చెస్ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1988లో పేటెంట్ వేశాడు, మంచి పని చేశాడు.
- పావు జరిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) కూడా ఒంటి చేత్తోనే, రెండు చేతులు వాడి క్లాక్ నొక్కేస్తే ఇల్లీగల్ మూవ్ (రూల్స్ ఒప్పుకోని ఎత్తు) కిందే లెక్క.
- ఆ ఇల్లీగల్ మూవ్ సంగతి ముందే అడిగేయండి, ఎందుకంటే ఒకప్పుడు బ్లిట్జ్‌లో ఒక్కటి చేసి ఎదుటివాడు పట్టుకుంటే గేమ్ పోయినట్టే, 2018 నుంచి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రూల్స్‌లో మొదటిసారికి అవతలివాళ్ళకి ఒక నిమిషం అదనంగా ఇస్తారు, రెండోసారికి ఓటమి, కానీ కాలనీ టోర్నీల్లో ఇంకా పాత రూలే పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు.
- పావులు పడేస్తే మీ టైమ్‌లోనే సర్దాలి. పడేసి క్లాక్ నొక్కేయడం పచ్చి మోసం నా దృష్టిలో.
- బంటు చివరి వరసకి చేరితే మంత్రిగా మార్చడానికి ఎక్స్‌ట్రా మంత్రి పక్కన పెట్టుకోండి. మంత్రికి బదులు ఏనుగుని తలకిందులుగా పెడితే అది ఏనుగే. మంత్రి దొరక్కపోతే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని (ఆట రిఫరీని) అడగండి.
- క్లాక్‌ని బాదొద్దు.